కరెంటు లేని బంపర్ కారు

మూతపడ్డ పార్కు వెనకవైపు బంపర్ కార్ల షెడ్డు ఉంది చూశారూ... చీకటి పడితే అటు టాక్సీవాడు కూడా రాడు. ఎంత బతిమాలినా సరే, దండం పెట్టి వెళ్ళిపోతాడు. లోపల్నుంచి ధడ్... ధడ్... అని కార్లు గుద్దుకుంటున్న చప్పుడు. కరెంటు పీకేసి ఏళ్ళయింది. మరి కార్లు ఎలా కదుల్తాయి? వాచ్‌మన్ అయితే జ్వరం తెచ్చుకుని ఉద్యోగమే మానేశాడు.

నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. అలాగని ఆ దారిన వెళ్ళమంటే వెళ్ళను, అది వేరే సంగతి. ఇది మా పెద్దనాన్న కూతురు, మా అక్క, తన నోటితో చెప్పింది.

ఒకప్పుడు ఆ షెడ్డులో కార్లు నడిపించింది మా పెద్దనాన్నే. చిన్నప్పుడు మేం వెళ్తే చాలు, మా కారు వెనక ఎగిరి నిలబడి, పైకప్పు కింద కరెంటు పారే ఇనప జాలీకి తగిలే రాడ్డు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో స్టీరింగు గిర్రున తిప్పేవాడు. ఇరుక్కుపోయిన కారు బుద్ధిగా వెనక్కి వచ్చేసేది. అబ్బో, మా దృష్టిలో ఆయన్ని మించిన మొనగాడు లేడు!

అలాంటి మనిషికి మతిమరుపు జబ్బు. పెద్దమ్మ పోయాక ఇంట్లో ఉండేది అక్కా, ఆయనే. కన్నకూతుర్ని పట్టుకుని, "ఎవరమ్మా నువ్వు? మా ఇంట్లో ఏం చేస్తున్నావ్?" అంటాడు. అన్నం పెడితే చెయ్యి తోసేస్తాడు. ఒక్కసారి తన పేరు పిలిస్తే చాలని అక్క పడ్డ ఆరాటం నేను కళ్ళారా చూశాను.

అక్క ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు నిద్రమాత్ర వేస్తే తెల్లారేదాకా లేవడని నర్సుగారి ధీమా. ఆయనేమో దాన్ని బుగ్గన దాచి, అక్క అటు తిరగ్గానే ఊసేసేవాడు. ఆ మాత్రలన్నీ తర్వాత పూలకుండీలో దొరికాయిలెండి.

ఆ రాత్రి ఒంట్లో బాలేక అక్క డ్యూటీ మధ్యలోనే వచ్చేసింది. చూస్తే — పెరటి తలుపు బార్లా తీసి ఉంది. మంచం ఖాళీ.

వీధులన్నీ గాలించింది. పిలిచి పిలిచి గొంతు పోయింది. పార్కు గోడ దగ్గరికి వచ్చేసరికి...

ధడ్!

వెనక్కి పోదామనుకుంది. కానీ పోయి ఎక్కడ వెతుకుతుంది? మిగిలింది ఇదొక్కటే. కంచె సందులోంచి దూరింది.

లోపల ఒకటే దుమ్ము. ఫోను లైటు వేసింది. కార్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి... ఒకటి తప్ప. అది కదుల్తోంది — మెల్లగా, కీచుమంటూ, సరిగ్గా తనవైపే. సీట్లో ఎవరూ లేరు!

వచ్చింది... ఇంకా దగ్గరికొచ్చింది... కాళ్ళ ముందు ఆగింది.

దాని వెనక ఎవరో దగ్గారు.

వంగి కారు తోస్తున్న మనిషి నడుం పట్టుకుని నిలబడ్డాడు. పెద్దనాన్న! చేతులనిండా మసి.

"నాన్నా!" అని భోరుమంది అక్క.

ఆయన కళ్ళు చికిలించి చూశాడు. "ఊరుకో పాపా, ఊరుకో... కరెంటు పోతే ఏం, నేను తోస్తాగా. ఎక్కు" అన్నాడు గుసగుసగా.

ఏం చేస్తుంది? ఇంత వయసొచ్చిన మనిషి, మోకాళ్ళు ముడుచుకుని ఎక్కి కూర్చుంది. ఆయన రొప్పుతూ ఒక చుట్టు తోశాడు. ఇంకో కారుకి ధడ్‌మనిపించి పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! 'నేనెవరో తెలిసిందా నాన్నా' అని నాలుక చివరిదాకా వచ్చింది. కాదంటాడేమోనని భయమేసి అడగలేదు.

అంతలో ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"ఇంక దిగు తల్లీ, నే వెళ్ళాలి. మా అమ్మాయి ఇంట్లో ఒక్కతే ఉంది. నేను వెళ్ళందే ముద్ద ముట్టదు... పిచ్చిది."

అక్క కళ్ళు తుడుచుకుని దిగింది. ఆయన చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆయన తోసెయ్యలేదు.

"పదండి" అంది. "నేనూ అటే వెళ్తున్నా."