బోణీకి ముందు కళ్లజోడు

కాశీనాథ్‌కి ఒక పట్టింపు ఉంది. బోణీ అయ్యేదాకా కళ్లజోడు పెట్టుకోడు. ముప్పై ఏళ్ల కిందట చేవెళ్ల బజారులో కిరాణా దుకాణం తెరిచిన కొత్తలో, పొద్దున్నే కళ్లజోడు కిందపడి పగిలిందట, ఆ రోజంతా ఒక్క గిరాకీ రాలేదట. అంతే, ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. మొదటి గిరాకీ సామాను తీసుకుని వెళ్లేదాకా ఆయనకు లోకమంతా మసకే. ఇంట్లో వాళ్లు నవ్వుకునేవారు తప్ప కాదన్నవాళ్లు లేరు. ఆయన్ని కాదనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ గురువారం కూడా మామూలుగానే తెల్లవారింది. కింద దుకాణం, పైన ఇల్లు. కాశీనాథ్ స్నానానికి వెళ్లాడు. ఆయన భార్య కన్యకాపరమేశ్వరి దేవుడి గదిలో ఉంది. కొడుకు సాయిదీప్ మొయినాబాద్‌లో పెట్టిన రెండో దుకాణం తెరవడానికి బండి మీద వెళ్లిపోయాడు. సరిగ్గా ఆ అరగంట కోడలు నవ్యశ్రీది. మామగారి కొత్త ఫోను ఛార్జింగ్ నుంచి తీసుకుని, పైనే ఉన్న సరుకుల గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. గోడకి సబ్బుల పెట్టెలు కనబడకుండా మామగారి తెల్లపంచె ఒకటి కట్టింది. ఫోన్‌ను నూనె డబ్బాకి ఆనించి, బియ్యం బస్తా మీద కూర్చుని, తన ఇంటర్వ్యూ తానే చేసుకుంటుంది. తర్వాత ఆ వీడియో చూసుకుంటుంది, తప్పులు కాగితం మీద రాసుకుంటుంది, వీడియో చెరిపేస్తుంది. ఆమెకూ ఫోనుంది గానీ, ఐదేళ్ల కూతురు స్నిగ్ధ దాన్ని మెట్ల మీద నుంచి దొర్లించిన దగ్గర్నుంచి అందులో మొహం పొగలో ఉన్నట్టు కనబడుతుంది.

ఇప్పటికి పదకొండు ఇంటర్వ్యూలు పోయాయి. పన్నెండోది ఆ రోజే, పదకొండు గంటలకు. పుణే కంపెనీ, ఇంటి నుంచే చేసే పని. ఇన్సూరెన్స్ క్లెయిముల కాగితాలు సరిచూడటం, గచ్చిబౌలిలో ఆరేళ్లు చేసిన పనే. పాత ఆఫీసు స్నేహితురాలు ప్రేమజ్యోతి ఉన్నమాట చెప్పేసింది. ఉద్యోగం మానేసి ఐదేళ్లు దాటితే ఇలాంటి కంపెనీలు దరఖాస్తు తెరిచి కూడా చూడవట. వచ్చే నెలతో ఐదేళ్లు నిండుతాయి. ఇది పోతే తన చదువూ, తన అనుభవమూ ఇక ఎవరికీ అక్కర్లేదని నవ్యశ్రీకి తెలుసు. ఇంట్లో సాయిదీప్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. స్నిగ్ధ బడివాళ్లు ఫోన్లో మీటింగు పెట్టారని అత్తగారితో అబద్ధమాడి, ఆ గంటకి మామగారి ఫోను అడిగి ఉంచింది.

వీడియోలన్నిట్లోనూ ఒక్కచోటే తప్పుతోంది. ఇన్నేళ్లు ఉద్యోగం ఎందుకు చేయలేదన్న ప్రశ్న. "కుటుంబం కోసం నేనే మానేశాను" అని ఇంగ్లీషులో చక్కగా చెబుతుంది, కానీ ఆ మాట అంటున్నప్పుడు చూపు కెమెరాని వదిలేసి పక్కకి పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ప్రేమజ్యోతికి ఒకటి పంపితే, చూసి ఫోన్ చేసింది. "అబద్ధం చెప్తున్నట్టే కనబడుతున్నది నవ్యా. ఒక్కసారి ఉన్నదున్నట్టు తెలుగుల చెప్పి రికార్డ్ చెయ్. ఎవ్వరికీ పంపకు, చూసుకొని తీసెయ్. మనసుల ఉన్నది బయటపడితే, తర్వాత చూపు నిలబడతది" అంది.

ఆ పొద్దున నవ్యశ్రీ అదే చేసింది. బస్తా మీద కూర్చుని కెమెరాలోకి సూటిగా చూసింది.

"ఉద్యోగం నేను మానేయలే. మాన్పించిన్రు. పాపకు ఆర్నెల్లప్పుడు ఆఫీసోళ్లు ఇంటికాడి నుంచే చేసుకొమ్మన్నరు. మా మామయ్య నా ల్యాప్‌టాప్ బ్యాగుల సర్ది, మా ఆయన చేతికిచ్చి ఆఫీసుల అప్పజెప్పి రమ్మన్నడు. నన్ను అడగలే. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టినప్పుడు పాపకు పాలిస్తున్న. అప్పుడు నోరు తెరవకపోవుడు నా తప్పు. అయిదేండ్ల సంది ఆ తప్పే నన్ను తింటున్నది."

చూపు ఎక్కడా తడబడలేదు. వెనక్కి వేసి చూసుకుందామనుకునేలోగా స్నిగ్ధ మంచం మీద నుంచి పడి గొల్లుమంది. నవ్యశ్రీ ఫోన్‌ను ఎక్కడ తీసిందో అక్కడ పెట్టేసి పరుగెత్తింది. నుదుటి మీద బొప్పి, ఏడుపు, పాలు, బుజ్జగింపులు. వీడియో సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది.

కాశీనాథ్‌కి రోజూ ఏడింటికి ఒక పని. బోర్డు మీద పప్పుల, నూనెల రేట్లు సుద్దతో రాసి, దాన్ని వీడియో తీసి, బజారు దుకాణందార్ల వాట్సాప్ గ్రూపులో పెడతాడు. నూట నలభై మంది చూస్తారు. ఆయన రేటు రాస్తే బజారంతా అదే రేటు. ఆ రోజు తీశాననుకున్నాడు గానీ బటను సరిగ్గా నొక్కలేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా పైనున్న వీడియో పంపేశాడు. మసకలో తెల్లగా ఏదో కనబడింది, బోర్డు మీది సుద్ద రాతే అనుకున్నాడు పాపం, తన పంచె అని ఎలా తెలుస్తుంది.

ఏడున్నరకల్లా ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఎదురు దుకాణం విజయరాణి కన్యకాపరమేశ్వరికి చేసి, ఓదార్పు మాటలు చెబుతూనే వివరాలన్నీ లాగింది. తర్వాత వరసగా ఇంకా ఎవరెవరో. సాయిదీప్‌కి మొయినాబాద్‌లో గిరాకీ ఒకతను తన ఫోన్లోనే చూపించాడట. ఉన్నవాడు ఉన్నట్టే బండి తిప్పుకుని ఇంటికొచ్చాడు. ఇక చెరిపించినా లాభం లేదు, అప్పటికే అది వేరే గ్రూపులకు పాకింది. కాశీనాథ్ షట్టరు సగం దించి మెట్లెక్కి పైకొచ్చాడు. ఆ రోజు ఇంకా బోణీ కాలేదు.

"ముప్పై ఏండ్ల సంది ఈ బజార్ల నాకు ఏలు చూపినోడు లేడు. ఇంట్ల తిండి తినుకుంట నా ఇజ్జత్ ఊరి మీద పెడ్తవా?" అన్నాడు. అరవలేదు. ఆయన అరిచినా నవ్యశ్రీకి అంత భయం వేసేది కాదు.

"నేను పంపలే మామయ్యా. పంపింది మీ ఫోన్ల నుంచి, మీరే" అంది ఆమె.

కాశీనాథ్ ఫోన్‌ను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, కుర్చీలో కూలబడ్డాడు. కన్యకాపరమేశ్వరి ఊరుకోలేదు. ఎవరు పంపితే ఏమిటి, అన్న మాట అన్నట్టే కదా, ఇంటి మాట ఇంట్లో చెప్పుకోకుండా ఫోనుకు చెప్పుకోవడమేమిటని నిలదీసింది. ఇంట్లో చెప్పుకుంటే వినేవాళ్లెవరని నవ్యశ్రీ అడిగింది.

దారి వెతికింది సాయిదీపే. "జర ఒక్క వీడియో చెయ్ నవ్యా. ఏదో నాటకం కోసం ప్రాక్టీస్ చేసిన, అందుల నిజం లేదని చెప్పు. గ్రూప్‌ల పెడదాం, అయిపోతది."

"ల్యాప్‌టాప్ తీస్కపోయి ఇచ్చింది మీరే గదా. నాటకమేనా అది?"

సాయిదీప్ తల దించుకున్నాడు. ఐదేళ్ల నాడు కూడా వాడు చేసిందదే. నవ్యశ్రీ గడియారం వైపు చూసింది. తొమ్మిది కావస్తోంది. ఆమె బేరానికి దిగింది.

"పదకొండింటికి నాకు ఇంటర్వ్యూ ఉన్నది మామయ్యా, ఆ ఫోన్లనే. ఇదే ఆఖరిది. మీరు చెప్పమన్నట్టే చెప్త. చెప్పినంక గంట సేపు ఫోన్ ఇస్తరా?"

కాశీనాథ్ ఫోను ఆమెకు అందించాడు. అందరూ సరుకుల గదిలోకి వెళ్లారు. నవ్యశ్రీ బస్తా మీద కూర్చుని చున్నీతో కళ్లు తుడుచుకుంది. "నమస్కారం. పొద్దుగాల మీరు చూసిన వీడియో నిజం కాదు..." అంతే, చూపు పక్కకి పోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పోయింది. మూడోసారి నోరే పెగల్లేదు.

"నాకు వస్తలేదు" అంది చివరికి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని.

కాశీనాథ్ గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. ఉద్దెరకి, అంటే అరువుకి, సామాను అడిగే మనిషి ఎప్పుడు చెప్పుల వైపు చూస్తాడో, ఎప్పుడు కళ్లలోకి చూస్తాడో ఆయనకు ముప్పై ఏళ్ల అనుభవం. కళ్లజోడు లేకపోయినా అది మాత్రం ఆయనకు కనబడింది. ఫోను అందుకుని కిందికి వెళ్లిపోయాడు.

తర్వాతి గంటన్నర నవ్యశ్రీకి ఎలా గడిచిందో చెప్పడం కష్టం. పగిలిన తన ఫోన్‌నే తుడిచి తుడిచి చూసింది, పొగ పోలేదు. అత్తగారిది మీటల ఫోను, అందులో వీడియో రాదు. సాయిదీప్ తన ఫోనిద్దామన్నా దాన్ని మొయినాబాద్ దుకాణంలో బిల్లుల మిషన్ పక్కనే వదిలేసి వచ్చాడు. కింద తండ్రితో చాలాసేపు మాట్లాడి, పది దాటాక తెచ్చిస్తానని బండెక్కాడు గానీ, వెళ్లి వచ్చేసరికి పదకొండు దాటుతుందని ఇద్దరికీ తెలుసు. ఇంటర్వ్యూ వాయిదా వేయమని అడుగుదామా అనుకుంది. ఐదేళ్లు ఖాళీగా ఉన్న మనిషి వాయిదా అడిగితే ఇంకెవరు నమ్ముతారు? పాపను ఒళ్లో వేసుకుని, బొప్పి మీద చెయ్యి పెట్టి కూర్చుండిపోయింది. దేవుణ్ణి కూడా ఏమీ అడగబుద్ధి కాలేదు.

పదీ నలభైకి కన్యకాపరమేశ్వరి వచ్చి, ఫోను బస్తా మీద పెట్టి, మనవరాలిని ఎత్తుకుంది. "మీ మామయ్య ఇయ్యమన్నడు. ఛార్జింగ్ నిండుగ పెట్టిండట" అని, కోడలి మొహంలోకి చూడలేక వెళ్లిపోయింది.

నవ్యశ్రీ ఆదరాబాదరాగా కెమెరా తెరిచింది. మూలన ఒక కొత్త వీడియో బొమ్మ కనబడింది. తెరిస్తే ఒకటి కాదు, ఆరు.

మొదటిదాంట్లో కాశీనాథ్ నుదురు మాత్రమే ఉంది. "నమస్కారం, ఇయ్యాల్టి రేట్లు..." అలవాటు కొద్దీ అనేసి నాలుక కరుచుకున్నాడు. రెండోదాంట్లో "మా కోడలు నవ్యశ్రీ" అని ఆగిపోయాడు. మూడోదాంట్లో మాటలే లేవు, తువ్వాలుతో మొహం తుడుచుకోవడమే. నాలుగోదాంట్లో చెబుతూ చెబుతూ చూపు పక్కకి పోయింది, తానే గమనించుకుని "గిట్ల కాదు" అని ఆపేశాడు. ఐదోది మొత్తం చీకటి, ఆయన ముక్కు చీదిన చప్పుడు.

ఆరోదాంట్లో ఆయన కళ్లజోడు పెట్టుకుని ఉన్నాడు.

"పొద్దుగాల మీరు చూసిన వీడియోల మా కోడలు చెప్పిందంతా నిజం. ఆ బ్యాగు నేనే సర్దిన, తను లేవకముందే సర్దిన. అడిగితే వద్దంటదని భయమై అడగలే. బోణీ గిరాకీ తిరిగిపోతే నేను దినమంతా మొహం మాడ్చుకొని కూసుంట. ఆ పిల్లను పదకొండుసార్లు తిప్పి పంపిన్రట. మా వాడు ఇప్పుడే చెప్పిండు. పన్నెండోసారికి పొద్దుగాల్నే లేచి, నా పంచె గోడకు పరదా కట్టి కూసున్నది. నవ్యా, తప్పయింది బిడ్డా."

ఆ వీడియో పదీ ముప్పైరెండుకి గ్రూపులో పడి ఉంది. నూట నలభై మందికి.

ఆమె ఏడ్చింది. గట్టిగా, వెక్కి వెక్కి, ఐదేళ్లది. పది నిమిషాలే ఉన్నాయని గుర్తొచ్చి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది.

సరిగ్గా పదకొండుకి అవతల ఇద్దరు మనుషులు కనబడ్డారు. పని గురించి కొన్ని అడిగారు, చెప్పింది. తర్వాత అందులో పెద్దావిడ ఆ ప్రశ్నే వేసింది. ఇన్నేళ్లు ఎందుకు చేయలేదు?

అప్పుడే కిటికీ కింద నుంచి మాటలు వినిపించాయి. షట్టరు ఇంకా సగమే లేచి ఉంది, పూర్తిగా లేపితే ఆ మోత పైదాకా వస్తుంది. ఎవరో చక్కెర కావాలంటున్నారు. ఆ రోజుకి మొదటి గిరాకీ. కాశీనాథ్ గొంతు చాలా మెల్లిగా వినబడింది.

"పన్నెండు దాటినంక రా అన్నా. పైన మా కోడలు పని మీదున్నది."

చెప్పుల చప్పుడు దూరమైంది. నవ్యశ్రీ కెమెరాలోకి సూటిగా చూసి, ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.