తేట నీళ్ళ అబద్ధం

వచ్చినావిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. వాటినెక్కడ విప్పిందో ఆమెకే తెలియదు.

"నా సంతకం వల్లే మా తమ్ముడి కాలు విరిగిందంటున్నారండీ."

ఆమె నది సర్వేలో పనిచేస్తుంది. వంతెన స్తంభాల కింద ఇసుక కోసుకుపోతోందా అని కొలవడం ఆమె పని. పోయిన వారం ఒక స్తంభం కుంగింది. ఆ సమయంలో సైకిలు మీద వెళుతున్న ఆమె తమ్ముడు ఆస్పత్రి పాలయ్యాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి, ఇసుక కదలడం లేదు, భయం లేదు అన్న నివేదిక మీద ఉన్నది ఆమె సంతకమే.

"నేను తీసిన రీడింగుల్లో నిండా మట్టే ఉందండీ. కానీ మా ఆఫీసులో సంతకం పై పేజీ మీద ముందే పెట్టించుకుంటారు, రీడింగులతో గీసిన పటాలు తర్వాత కలుపుతారు. రేపే విచారణ. వాడికి మొహం చూపించలేక ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను."

డిటెక్టివు గదిలో అటూ ఇటూ తిరుగుతూ వింటోంది. ఆవిడకు ఒకచోట కాలు నిలవదు. ఆ అడుగుల జోరు పెరిగితే కేసు కొలిక్కి వస్తోందని మురిసిపోవడం ఆమె మేనల్లుడి అలవాటు. నలభై దాటి, బట్టతల వచ్చినా అత్తయ్యకు సహాయకుడుగానే ఉండిపోయిన మనిషి. ఈసారి అతనికి ఆ మురిపెం లేదు. కుంగిన వైపు తాడు కట్టి, వంతెన రెండో వైపు ఇంకా జనాన్ని వదులుతున్నారు మరి!

"మట్టిని కొలిచే పరికరం ఎలా పనిచేస్తుందమ్మా?"

"పడవకి కట్టి నీళ్ళలోకి శబ్దం పంపిస్తామండీ. కొట్టుకొచ్చే మట్టి రేణువులకి తగిలి వెనక్కొస్తుంది. అది వచ్చే తీరుని బట్టి ప్రవాహం వేగం, ఎంత గట్టిగా వచ్చిందో దాన్ని బట్టి మట్టి ఎంతుందో తెలుస్తుంది."

సర్వే ఆఫీసులో ముగ్గురిని విడివిడిగా అడిగారు. పడవ నడిపే పెద్దాయన తలకొట్టుకున్నాడు. "అంకెలు నాకేం తెలుసమ్మా? ఎగువన ఇసుక తోడే యంత్రం మాత్రం ఆగట్లేదు. మా పెద్దసారుగారి బావమరిదిదే."

కంప్యూటరు ముందు కుర్చీలోని మనిషి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. "పటాలు గీసేది నేను. నివేదికలో కలిపేది పెద్దసారు. పరికరంలో ఉన్న అసలు రీడింగులు తుడిచేశాం, చోటు చాలదని."

"నీళ్ళు బొత్తిగా తేటగా ఉంటే వేగం ఎలా వస్తుంది?"

"రాదండీ. ఆ రోజు పడవెక్కడం దండగ."

అదే ప్రశ్నకు పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. పడవెక్కిన పాపాన పోని ఆఫీసు మనిషి. "అడ్డు లేకపోతే ఇంకా బాగా వస్తుంది!"

మేనల్లుడు అత్తయ్య కాళ్ళకేసి చూశాడు. ఆగిపోయాయి.

ఆవిడ అందరినీ ఆ గదిలోకే పిలిపించి, నివేదిక బల్ల మీద పరిచింది.

"ఇందులో మట్టి సున్నా. వేగం మాత్రం పై నుంచి అడుగు దాకా ఒక్క గడి ఖాళీ లేకుండా ఉంది. మట్టి లేని నీళ్ళలో శబ్దం దేనికి తగిలి తిరిగొచ్చింది సారూ? మట్టి అంకెలు ఎవరో మార్చేశారు. రోజూ పటాలు గీసే మనిషయితే వేగాన్ని కూడా చెరిపేసేవాడు. రెండూ ఒకే శబ్దం మీద నడుస్తాయని తెలియనివాడే దీన్ని వదిలేస్తాడు. పటాలు చేతిలో ఉండి కూడా అది తెలియనివారు ఇక్కడ మీరొక్కరే."

పెద్దసారు మొహం మాడిపోయింది.

"స్తంభాల కింద కోత ఉందని రాస్తే ముందు మా బావమరిది యంత్రం ఆపేస్తారు. వానల్లోపు వాడే ఆపేస్తానన్నాడు. మా ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు, కాదనలేకపోయాను."

"నాకూ ఒక్కడే తమ్ముడండీ," అంది సర్వే ఆవిడ.

డిటెక్టివు ఫోను అందుకుని, ముందు వంతెన మూయించమని గట్టిగా చెప్పింది.

మేనల్లుడు సర్వే ఆవిడను కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఆవిడ గుమ్మం దగ్గర మళ్ళీ తటపటాయించింది. లోపలి నుంచి తమ్ముడు చూడనే చూశాడు.

"మొన్న ఇక్కడి దాకా వచ్చి వెళ్ళిపోయావేంటక్కా? ఎంత పిలిచానో!"