టికెట్ లేకుండా వచ్చిన పురుగు

మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. అబిడ్స్‌లో బట్టల దుకాణం పై అంతస్తులో ఉన్న ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసుకు అలా చప్పుడు చేయకుండా వచ్చేవాళ్లు దివ్యశ్రీకి కొత్త కాదు. వామన్‌రావుగారి దగ్గర అసిస్టెంటుగా చేరిన రెండేళ్లలో, భయపడ్డవాళ్లు ముందు తలుపు వైపు, తర్వాతే మనుషుల వైపు చూస్తారని ఆమె గమనించింది. ఈమె కూడా అంతే చేసింది.

“నా పేరు జమున సార్. మా ఆయన పరశురాం నాంపల్లిల చేపల దుకాణంల పన్జేస్తడు. నిన్న దుకాణంల సేటు శ్వాసాడక పడిపోయిండు. విజయేందర్ సేటు. దవాఖానల ఉన్నడు. మా ఆయనే ఏదో విషం కలిపిండని సేటు తమ్ముడు పోలీసులకు చెప్పిండు. ఇయ్యాల సాయంత్రం తీస్కపోతరట.”

“ఏం కలిపాడంటున్నారు?”

“అది ఎవ్వలికి తెల్వదు. సేటు చెప్పిండని గిన్నెల నీళ్లు పోసి, సముద్రం రాయేసి పొయ్యి మీద పెట్టిండు. అంతల్నే సేటు తమ్ముడు పార్సిల్ తెమ్మని గౌలిగూడకు తోలిండు. గంతే సార్!”

కళ్లద్దాలు తుడుచుకుంటున్న వామన్‌రావు చేతులు ఆగిపోయాయి. ఒకప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మనిషి ఆయన.

“రాయిని ఉడకబెట్టారా?”

“ఔ సార్. దాంట్ల పురుగున్నదని.”

ఆయన పక్క గదిలోకి వెళ్లి దవాఖాన డాక్టరుతో ఫోన్లో మాట్లాడారు. బయటికొచ్చేసరికి మొహం నల్లబడి ఉంది. “దివ్యా, భూతద్దం తీసుకో. మాస్కులు కూడా.”

దుకాణం నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, ఒక ఇరుకు సందులో ఉంది. ముందు భాగంలో మామూలు చేపల తొట్లు. వెనక గోడ పొడవునా ఉప్పునీటి తొట్టి ఒకటి, అందులో రాళ్లు, పగడాలు, నీలం లైటు. ఆ వెలుగులో అక్కడున్న వాళ్ల మొహాలన్నీ పాలిపోయినట్టు కనిపించాయి. విజయేందర్ భార్య విమల భర్త ఫోన్‌ను గుప్పిట్లో బిగించి స్టూలు మీద కూర్చుంది. విజయేందర్ తమ్ముడు కిషన్ కౌంటర్ దగ్గర, కుడి చేతి రెండు వేళ్లకు కట్టుతో. పరశురాం గోడకు అంటుకుని నిలబడ్డాడు.

“డిటెక్టివ్‌ను పెట్టుకునేంత నవాబైపోయిండా మా పరశురాం?” అన్నాడు కిషన్.

వామన్‌రావు పట్టించుకోకుండా విమల ముందు కూర్చున్నారు. “పురుగు సంగతి చెప్పమ్మా.”

“నాలుగు వారాల నుంచి ఆ తొట్లె చేపలు మాయమవుతున్నయండీ. వారానికొకటి. సోమవారం తెరిచి చూస్తే ఒకటి తక్కువ. రాయిల రాక్షసి పురుగు దాగి ఉన్నదని కిషన్ ఈ ఫొటో పంపిండు. మనిషి పొడుగు పెరుగుతదట. అప్పట్నుంచి ఈయనకు నిద్ర లేదు. ఉడకబెడితే గానీ చావదని...”

“అని ఎవరన్నారు?”

“ఇంకెవరు, పరశురామే!” అన్నాడు కిషన్.

“నేననలే సేటూ!” పరశురాం గోడ వదిలి ముందుకొచ్చాడు. “సముద్రం రాయి తెస్తే దాంతోని పురుగులు, నత్తలు వస్తయ్ సార్. టికెట్ లేని ప్యాసింజర్లు. వాటితో నష్టం లేదు. మొన్న ఒకటి బయటికొస్తే పట్టి పెట్టిన. చూడుండ్రి.” పచ్చడి సీసా ఒకటి తెచ్చి ఇచ్చాడు.

వామన్‌రావు భూతద్దం దివ్యశ్రీకి అందించారు. “ఏం కనిపిస్తోంది?”

“గులాబీ రంగు. నా చిటికెన వేలంత. రెండు పక్కలా వరసగా తెల్లటి కుచ్చులు, గాజు నూలులాగా.”

“తల మీద ఐదు కొమ్ములు? కత్తెరలాంటి దవడలు?”

“లేవు సార్.” ఆమె విమల చేతిలోని ఫొటో చూసింది. అందులోని పురుగుకు అవన్నీ ఉన్నాయి.

ఆయన తల పంకించి వెనక గది తలుపు బార్లా తెరిపించారు. గంటసేపు ఎవర్నీ లోపలికి వెళ్లనివ్వలేదు. తర్వాత కూడా మాస్కులు పెట్టుకున్నాకే. కిటికీ లేని గది. పొయ్యి మీద గిన్నె, అందులో రాయి. రాయి మీద గుండీల్లా ఉండే పగడాలు ముడుచుకుపోయి గోధుమరంగు తోలులా వేలాడుతున్నాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాల్సిన రంధ్రంలో అట్టముక్క కుక్కి ఉంది.

“ఫ్యాన్ ఖరాబైతే మొన్న నేనే రిపేర్‌కిచ్చిన. ఇయ్యాల పొద్దుగాల వచ్చింది,” అన్నాడు కిషన్ గడప అవతల నుంచే.

ఫ్యాన్ మూలన పేపర్లో చుట్టి ఉంది. వంటింటి ఫ్యాన్లు విప్పి కడిగే చేతులు దివ్యశ్రీవి. పేపరు తొలగించి, మోటారు మరల గాట్లలో పేరుకున్న జిడ్డు మీద గోటితో గీసి చూసింది. గట్టిగా, నల్లగా, చెక్కు చెదరకుండా ఉంది. ప్లగ్గు పెడితే గిర్రున తిరిగింది.

“వేళ్లకేమైంది?” వామన్‌రావు కిషన్‌ను మామూలుగానే అడిగారు.

“గ్లాసు కోసుకుంది.”

“తొట్టి కడుగుతుంటేనా?”

“నేను ఆ నీళ్లల్ల చెయ్యే పెట్ట. ఉప్పునీళ్లు నాకు పడవు. గదంత పరశురాం పని.” అంటూనే కట్టును గోడకేసి రుద్దుకున్నాడు.

గోడ మీది కాగితంలో ఉప్పునీటి తొట్లున్న కస్టమర్ల నంబర్లున్నాయి. మొదటిది హిమాయత్‌నగర్ సిద్ధార్థ్‌ది. “ఇతనితో మాట్లాడు,” అన్నారు వామన్‌రావు. దివ్యశ్రీ సందు చివరికి వెళ్లి మాట్లాడి, అతను పంపిన పాత మెసేజీ చూసుకుని వచ్చి, ఫోన్‌ను వామన్‌రావుకు చూపించింది.

ఐదింటికి ఎస్సై వచ్చాడు. జమున భర్త చెయ్యి పట్టుకుంది. వామన్‌రావు అందర్నీ నీలం తొట్టి ముందు కూర్చోబెట్టారు.

“విషం ఎవరూ కలపలేదు. అది రాయి మీదే ఉంది. ఈ గుండీ పగడాల్లో కొన్నిటి ఒంట్లో ఘోరమైన విషం ఉంటుంది. నీళ్లలో ఉన్నంతకాలం మన జోలికి రాదు. ఉడకబెడితే ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విజయేందర్ పీల్చింది అదే. ఈ సంగతి తెలిసినవాడు ఆయన్ని ముట్టుకోనక్కర్లేదు. రాయిలో రాక్షసి ఉందని నమ్మిస్తే చాలు.”

ఆయన సీసా ఎత్తారు. “రాక్షసి ఇదీ. చచ్చినవాటిని, చెత్తను తిని తొట్టి శుభ్రం చేసే పురుగు. బతికున్న చేపను పట్టే దవడలు దీనికి లేవు. మరి చేపలేమయ్యాయి? దివ్యా?”

“నాలుగు ఆదివారాలు, నాలుగు చేపలు,” అంది దివ్యశ్రీ. “కిషన్‌గారు సిద్ధార్థ్ ఇంటికి స్వయంగా తెచ్చి అమ్మారట.”

“వ్యాపారమన్నాక అమ్మమా?”

“ఫ్యాన్ రిపేర్‌కు పోలేదు. దాని మోటారు మరలు విప్పనే లేదు. గాలి బయటికి పోకూడదని మీరే తీసి దాచారు. పరశురాం ఉంటే తలుపు తెరుస్తాడని గౌలిగూడకు పార్సిల్ కోసం పంపారు. ఇంకొకటి.” ఆమె ఫోన్ తెరిచి చదివింది. “పోయిన నెల సిద్ధార్థ్‌కు మీరే పంపిన మెసేజీ: ‘అన్నా, పురుగుల కోసం రాయి ఉడకబెట్టకు. ఆ ఆవిరికి మనుషులు పోతరు.’”

కిషన్ కట్టు ఉన్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు.

“నీళ్లలో చెయ్యే పెట్టనన్నావు,” అన్నారు వామన్‌రావు. “కట్టు విప్పు.”

ఎస్సై విప్పించాడు. వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి తప్ప కోసుకున్న గాటు లేదు. దివ్యశ్రీ సెల్లోటేపు ముక్క అంటించి లాగి, సీసా పక్కన పెట్టి భూతద్దం ఉంచింది. పురుగు పక్కల ఉన్నవాటిలాంటి గాజు నూలు పోగులే టేపు మీద మెరిశాయి.

“చేపల కోసం రాళ్ల మధ్య చెయ్యి పెట్టావు. నువ్వు రాక్షసిని చేసిన పురుగే నీ వేళ్లలో సాక్ష్యం దిగేసింది.”

విమల లేచి నిలబడింది. “దుకాణం తీసేసి సెల్‌ఫోన్ షోరూంకు కిరాయికిద్దామని నువ్వంటే మీ అన్న వద్దన్నడని... గిందుకా కిషన్?”

కిషన్ ఆమె వైపు చూడలేదు. తొట్టి వైపే చూశాడు. “నేను అన్న మీద చెయ్యి కూడా వెయ్యలే వదినా. పొయ్యి ఆయనే అంటించుకున్నడు.”

ఎస్సై అతన్ని తీసుకుపోయాడు.

దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. విజయేందర్ ఊపిరి కాస్త నిలకడగా ఉంది, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. విమల కొంగుతో మొహం తుడుచుకుని, పరశురాం ముందు ఆగింది. “నేను కూడా నిన్నే అనుకున్న, పరశురాం.” అతను తలొంచుకున్నాడు.

“ఏం జేస్తవ్ దాన్ని? పారేయరాదు!” అంది జమున సీసా చూసి.

“దానిదేం తప్పే?” అంటూ పరశురాం సీసాను తొట్టి నీళ్లలో మెల్లగా వంచాడు. పురుగు రాళ్ల మధ్యకు పాకి మాయమైంది.

దాన్ని వెతుకుతూ దివ్యశ్రీ గాజుకు దగ్గరగా వంగింది. మూల రాయి మీద గోధుమరంగు గుండీలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి, మొగ్గల్లాగా, ముద్దుగా. ఆమె గాజు మీది చెయ్యి తీసేసి, చీర కొంగుకు రెండుసార్లు తుడుచుకుంది.