నాలుగో దీపం కింద ఫొటో

రైలు కట్ట కింద, ఈ వీధి నుంచి ఆ వీధికి నడిచివెళ్ళే సొరంగానికి ఉన్న చెడ్డపేరు ఒక్కటే. చీకటి పడ్డాక అటు మెట్లు దిగినవాళ్ళకన్నా ఇటు మెట్లెక్కి బయటికొచ్చేవాళ్ళు ఒకరు తక్కువట.

ఎవరు లెక్కపెట్టారంటే ఎవరూ చెప్పరు. అయినా నాలుగో దీపం దగ్గరికి రాగానే జనం అడుగు వేగం పెంచేవారు. నేనూ పెంచేదాన్ని. నమ్మకం లేదు. కానీ ఆ మాట కాళ్ళకు చెప్పలేం కదా.

ఇది మా మేనత్త చెప్పిన సంగతి. అప్పటికింకా రీళ్ళ కాలం.

మామయ్యది ఫొటో స్టూడియో. అత్తయ్య అందులోనే టచింగ్ పని చేసేది. సన్నని కుంచెతో మొటిమలు మాయం చేసేది, పలచబడ్డ నెత్తికి ఒత్తుగా జుట్టు పెట్టేది. "నోటితో ఆడని అబద్ధాలన్నీ చేత్తో ఆడానే" అని నవ్వేది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి, అంటే నా మరదలికి, తెర ముందు కూర్చోబెట్టి నవ్వించి తీసే ఫొటోలు గిట్టేవి కావు. తండ్రి కెమెరా పట్టుకుపోయి, వీధిలో ముక్కూమొహం తెలియనివాళ్ళని, వాళ్ళకు తెలియకుండా తీసేది. అన్నీ తెలుపు నలుపే. బస్సు కోసం చూస్తూ ఆవలించే గుమాస్తా. చెప్పు తెగి ఒంటికాలి మీద నిలబడ్డ నర్సు.

"దారినపోయేవాళ్ళ మొహాలు మనకెందుకే?" అనేవాడు మామయ్య.

"దారినపోతున్నప్పుడే నాన్నా, మొహం మొహంలా ఉండేది. నీ ముందు కూర్చుంటే అందరూ బిగుసుకుపోతారు."

ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు పిల్ల లేదు. 'నన్ను వెతక్కండి' అని చీటీ ఒకటి ఉంది. సొరంగం మెట్లు దిగుతుంటే స్టేషన్‌లో టికెట్లిచ్చే గుమాస్తా చూశాడట. అవతల పైకి రావడం మాత్రం... ఎవరూ చూడలేదు.

ఇరవై మూడేళ్ళ పిల్ల, తనంతట తనే వెళ్ళింది, మేమేం చేస్తాం అన్నారు పోలీసులు. రోజులు వారాలయ్యాయి.

అప్పుడు మామయ్య బీరువా తెరిచాడు. ఏ పనికి కూతుర్ని తిట్టాడో ఆ పనే పట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి సొరంగంలో గోడకానుకుని, కెమెరా పొట్ట మీద పెట్టుకుని, కంటికి ఎత్తకుండానే మీట నొక్కేవాడు. వచ్చేవాళ్ళనీ, పోయేవాళ్ళనీ, అందరినీ. రాత్రి చీకటిగదిలో రీలు కడిగి, భూతద్దం పెట్టి ఒక్కో మొహం వెతికేవాడు.

"వేల మొహాలే" అంది అత్తయ్య. "ఒక్కటీ మనది కాదు."

మూడు నెలలు అలా గడిచాయి. తర్వాత ఒక రాత్రి...

ఎర్రదీపం కింద, ట్రేలో మందునీళ్ళలో కాగితం ఊపుతున్నాడు మామయ్య. ముందు మెట్లు తేలాయి. తర్వాత గొడుగు పట్టుకున్న ముసలాయన. ఆ తర్వాత — నాలుగో దీపం కింద — కూతురు.

తనే. సూటిగా ఆయన్నే చూస్తోంది.

కాకపోతే... తన భుజంలోంచి గోడ పలకలు కనిపిస్తున్నాయి. పొట్టలోంచి మెట్లు కనిపిస్తున్నాయి.

అత్తయ్యకు వినిపించింది తలుపు చప్పుడొక్కటే. వచ్చి చూస్తే చెప్పులు గుమ్మంలో ఉన్నాయి, మనిషి లేడు. చీకటిగదిలోకెళ్ళి ట్రేలోకి తొంగిచూసింది.

"నేనూ దెయ్యమే అనుకున్నానే" అంది నాతో. "కానీ ముప్పై ఏళ్ళ అలవాటు. ఫొటోని నమ్మకూడదు, నెగటివ్ చూడాలి."

తీగకు వేలాడుతున్న నెగటివ్‌ని దీపం ముందు పెట్టింది. ఒక ఫొటోకీ పక్క ఫొటోకీ మధ్య ఖాళీ గీత ఒకటే ఉండాలి. ఇక్కడ రెండున్నాయి. ఒకటి ఉండాల్సిన చోటే. రెండోది ముసలాయన గొడుగుని నిలువునా కోస్తూ, సన్నగా.

వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. సగం వాడిన రీలు మధ్యలో తీయాల్సివస్తే, కొస బయటికుంచి వెనక్కి చుట్టి, ఎన్ని ఫొటోలయ్యాయో ఆ కొస మీద రాసి డబ్బాలో వేస్తారు. రాయకపోతే అది కొత్త రీళ్ళలో కలిసిపోతుంది. కూతురు రాయడం మరిచింది. తండ్రి కొత్తదనుకుని ఎక్కించాడు. కింద ఆ పిల్ల తీసుకున్న ఫొటో, దాని మీదే ఈయన తీసింది.

కూతురు అద్దంలో తనను తానే తీసుకుంది. వెనక ఏదో తెలియని గది, కిటికీ, అవతలి గోడ మీద తిరగబడ్డ అక్షరాలు. అత్తయ్య నెగటివ్‌ని అటు తిప్పింది. అక్షరాలు సరిగ్గా నిలబడ్డాయి — ఐసు ఫ్యాక్టరీ.

ఇంకొకటి కూడా కనిపించింది. దాని గురించి ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

పరుగెత్తింది.

సొరంగంలో నరమానవుడు లేడు. నాలుగో దీపం కింద మామయ్య ఒక్కడే కూర్చుని, గోడకు చెంప ఆనించి గుసగుసలాడుతున్నాడు.

"అమ్మడూ... ఒక్కసారి పిలు. పైన ఆఖరి బండి వచ్చే వేళైంది. పట్టాల మీదికి పోతాను... నీ దగ్గరికి వచ్చేస్తాను..."

"లేవండి" అంది అత్తయ్య. ఆవిడ గొంతూ గుసగుసే అయింది.

"చూశావా? ఫొటో చూశావా?"

"చూశాను. దెయ్యం కాదు. మీరు చేసిన తెలివితక్కువ పని. వాడిన రీలే మళ్ళీ ఎక్కించారు."

"అబద్ధం. నన్ను ఇంటికి లాక్కుపోవడానికి..."

"అబద్ధమాడాలంటే నాకు కుంచె కావాలి. లేవండి!"

పైన ఆఖరి బండి వచ్చింది. దీపాలు వణికాయి, నెత్తిమీద సున్నం రాలింది. అది పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఆయన చెయ్యి వదల్లేదు అత్తయ్య.

అడిగి, వెతికి, ఐసు ఫ్యాక్టరీ ఎదుటి మేడ చేరేసరికి తెల్లవారుతోంది. పై గది తలుపు తట్టారు. అలికిడి లేదు. మళ్ళీ తట్టారు. మామయ్య తలుపుకే తల ఆనించేశాడు...

గడియ తీసిన చప్పుడు.

"నాన్నా..." అంది పిల్ల. "చెప్పులేవీ?"

అంతా అత్తయ్య అనుకున్నట్టే. గొడవకు వారం ముందే ఆ గది చూసుకుంది. ఆ రోజే అద్దంలో ఫొటో తీసుకుంది. నంబరు రాయడం మరిచింది.

"అంతేగా? మరి దెయ్యమెక్కడ?" అన్నాను.

అత్తయ్య నా దగ్గరికి జరిగింది.

"అద్దంలో ఫొటో తీసుకున్నది మూడు నెలల కిందట, అప్పుడు దాని జడ నడుము దాకా ఉండేది. తలుపు తీసినప్పుడు చూస్తే జుట్టు చెవుల దాకే ఉంది. ఎప్పుడు కత్తిరించావే అంటే 'మొన్న ఆదివారమమ్మా' అంది."

"అయితే?"

లేచి పెట్టెలోంచి ఆ ఫొటో తెచ్చి ఇచ్చింది. మెట్లు, గొడుగు ముసలాయన, మధ్యలో గాజులాంటి పిల్ల. భుజం మీదుగా నడుము దాకా పొడుగాటి జడ.

"జడ ఉందిగా అత్తయ్యా!"

"మీ మామయ్య ఆ రాత్రి మొహం తప్ప ఇంకేం చూడలేదు. ఇంటికి రాగానే, ఆయన మళ్ళీ చూడకముందే నా పని నేను చేశాను. దీపానికి ఏటవాలుగా పట్టు."

పట్టాను. ఫొటోలో జడ ఒక్కటే తళుక్కుమంది... కుంచెతో వెంట్రుక వెంట్రుకా వేసిన మెరుపు. దాని కింద, తెల్లగా, బోసి మెడ.