డౌవే గారి పుట్టినరోజు పూసలు

ఏజెంట్ సీట్‌స్కేకి శత్రు గూఢచారులతో వేగడమే నయం, తండ్రి డౌవేతో కంటే. పరాయివాళ్లంతా ఆయన కళ్లకు బంగారం, కన్నకూతురు దండగ. "తప్పు నాది" అన్న మాట ఆ నోట వచ్చిన దాఖలాలు లేవు.

ఆ ఉదయమే ఆయనకి డెబ్బై నిండాయి, ఉట్రెక్ట్‌లో ఆసుపత్రి బల్ల మీద. లివర్‌లో నిమ్మకాయంత ట్యూమర్. తొడ దగ్గర నుంచి లివర్ దాకా సన్నటి గొట్టం వేశారు. అందులోంచి పంపే రేడియేషన్ పూసలు ట్యూమర్‌లోనే ఇరుక్కుని దాన్ని మాత్రమే కాలుస్తాయి. పూస ముప్పై మైక్రాన్లుండాలి. మరీ సన్నవైతే లివర్ దాటి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనిషి దక్కడు.

చెవి రింగులో చీఫ్ బ్రౌవర్ గొంతు సీట్‌స్కేని కోడ్ పేరుతో పిలుస్తూ గరగరలాడింది. "హెర్రింగ్! విదేశీ ముఠా మనిషి ఆ గదిలోనే ఉంది. పూసల సీసా మార్చేసి ఉండొచ్చు. నా అనుమానం ఆ నర్సు మీదే, పట్టుకో."

"మరి పూసలు సిద్ధం చేసిన ఫార్మసిస్ట్ ఎస్మే?"

"మన మనిషే. డచ్ ఊరు జ్వోల్లేలో పుట్టిన పిల్ల."

రుజువు లేకుండా ఊరికే ఆపితే, రేపటికి పూసల్లో రేడియేషన్ సగం చస్తుంది. మళ్లీ డోసు ఆరు వారాలకి. నాన్నకి అన్ని వారాల్లేవు. సీట్‌స్కే బల్ల పక్కనే నిలబడి ఒక్కొక్కరినీ గమనించసాగింది.

నర్సు ఆఫ్కే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది. "నాన్నగారికి డెబ్బై అట! నీకు శుభాకాంక్షలమ్మా!"

డాక్టర్ హెస్సెల్ కూడా సిరంజి అందుకుంటూ, "సీట్‌స్కే, శుభాకాంక్షలు!" అన్నాడు.

సెంటు ఘుమఘుమలతో వచ్చిన ఎస్మే మాత్రం డౌవే మీదకే వంగింది. "హ్యాపీ బర్త్‌డే, అందగాడా!"

"చూశావా మర్యాద? నేర్చుకో," అన్నాడు డౌవే కూతురితో.

"మరి నాకు చెప్పవా, ఎస్మే?"

"పుట్టినరోజు మీది కాదుగా!"

డచ్ గడ్డ మీద పుట్టినవాళ్లెవరూ ఆ మాట అనరు. తండ్రి పుట్టినరోజంటే ఇంటిల్లిపాదికీ శుభాకాంక్షలు చెప్పాల్సిందే.

డాక్టర్ బొటనవేలు సిరంజి మీద బిగిసింది.

"ఆపండి!" అని అరిచింది సీట్‌స్కే.

ఎస్మే తలుపు వైపు దూకింది. ఆఫ్కే చక్రాల స్టూలును కాలితో తన్నింది. స్టూలు తగిలి ఎస్మే బోర్లా పడింది. ముఠాకి శాంపిల్‌గా దాచిన అసలు సీసా, ఆమె దగ్గరున్న, రేడియేషన్‌ని ఆపే సీసపు లోహపు ఫ్లాస్కులో భద్రంగా దొరికింది. పావుగంటలో అసలు పూసలు ట్యూమర్‌ని చేరాయి.

"ఆ పిల్ల విషయంలో..." డౌవే నసిగాడు.

"గట్టిగా చెప్పు నాన్నా. మా చీఫ్ కూడా నేర్చుకోవాలి."

"తప్పు నాదే!" గది అదిరింది.

చెవి రింగులో చీఫ్ గొంతు సవరించుకున్నాడు. తర్వాత గొణుగుడు: "నాది కూడా."