వంకరపోయిన నాలుగో లైను

పదిన్నర లోపు జరగాల్సినవి మూడు. శాస్త్రవేత్తను ఆస్పత్రి నుంచి విమానాశ్రయానికి చేర్చాలి. ఆయన ప్రాణం కోసం కాచుకున్న విదేశీ ముఠాకు ఆఫీసులో మనిషి ఎవరో తేల్చాలి. టైపిస్టు పిన్ని ఇక ఇంటికి రాదని బాబాయికి చెప్పాలి.

ఆ మూడోదాన్ని ఏజెంట్ స్కేలు చివరికి నెట్టేశాడు. పొద్దున్నే ఆఫీసు మెట్ల మీద, సైలెన్సర్ తుపాకీతో పిన్నిని కాల్చేశారు. అతని వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. కీబోర్డు మీద వేళ్లు పెట్టించింది మాత్రం ఆవిడే.

"రూటు షీటు నిన్ననే పూర్తిచేసి వెళ్లింది," అన్నాడు చీఫ్. "కాన్వాయ్ కదిలింది. ఒకసారి చూసి ఓకే చెయ్. ఏడవడానికి తరవాత టైముంటుంది."

స్కేలు షీటు తెరిచాడు. టైము, కారు, గేటు. మారువేషానికి పెట్టుకున్న నీలి లెన్సుల్లో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. సైజు పెంచాడు.

లైన్లన్నీ తీర్చిదిద్దినట్టు నిలబడ్డాయి. నాలుగో లైన్లో 'గేటు 5' మాత్రం పక్కకి జరిగింది.

పిన్ని ట్యాబ్ స్టాప్ అనే ఆగుగుర్తు పెడితే అక్షరం సైజు పెరిగినా వరుస చెదరదు. ఇది ఎవరో గేటు మార్చి, స్పేసులు కొట్టి సర్దిన లైను. పిన్ని చూస్తే ఇట్టే పట్టేసేది. అందుకే చంపేశారు!

ఆ ప్రోగ్రాంలో ఉత్త ట్యాబ్ నొక్కితే కర్సర్ పక్క బాక్సులోకి దూకుతుంది. కంట్రోల్ పట్టుకుని నొక్కాలి. పిన్ని ఆఫీసంతటికీ నేర్పిన కిటుకది. నేర్చుకోనిది ఒక్కరే.

నెల క్రితం చేరిన దుభాషి వెనకే నిలబడి ఉంది, ముత్యాల దుద్దులతో, సెంటు గుబాళిస్తూ.

"మేడమ్, కళ్లు మండుతున్నాయి. కింద ఒక లైను కొట్టిపెడతారా?"

"ఇంత ఏజెంటువి, లైను కొట్టలేవా?" నవ్వుతూ కూర్చుంది. ట్యాబ్ నొక్కింది. కర్సర్ ఎగిరిపోయింది. నాలుక కరుచుకుని, వెనక్కొచ్చి, స్పేస్‌బార్ టకటకా కొట్టింది.

"పిన్ని దగ్గర ఒక్క పూట కూర్చోవాల్సింది, మేడమ్."

ఆమె లిప్‌స్టిక్ గొట్టం గురిపెట్టింది. స్కేలు మణికట్టు మెలిపెట్టాడు. తూటా సీలింగులో దిగింది.

"చీఫ్! కాన్వాయ్ ఆపండి!"

చీఫ్ రేడియో అందుకుని, ఆగమనే కోడుమాట అరిచాడు. "గొడుగు మూసెయ్యండి! గొడుగు మూసెయ్యండి!"

గరగర. తరవాత కాన్వాయ్ డ్రైవరు గొంతు: "ఆపేశాం సార్. ఐదో గేటు పదడుగుల్లో ఉంది... సార్, గేటు కింద బాంబుంది."

చీఫ్ నుదురు తుడుచుకున్నాడు. "ఇంత సామాను కొన్నాం కదరా! చివరికి ఆయన్ని కాపాడింది ఒక ట్యాబ్ కీనా?"

"పిన్ని, సార్," అన్నాడు స్కేలు.

లెన్సులు తీసేసి, ఫోన్ అందుకున్నాడు. "బాబాయ్..."

వరుస సర్దడానికి ఎప్పుడైనా మీ వేలు స్పేస్‌బార్ మీదికి పోతే, ఒక్క క్షణం ఆగి, ఆవిడను తలుచుకోండి.