అద్దం పొయ్యి

పొద్దున్న లేవగానే ఆవిడ ముఖం కడుక్కోదు. ముందు వంటగదిలోకి వెళ్ళి స్టవ్ నాబులు రెండూ తడుముతుంది, వంగి సిలిండర్ రెగ్యులేటర్ చూస్తుంది, ఆ తర్వాత కిటికీ తెరుస్తుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. రాత్రి తనే కట్టేసి ఉంటుంది, కట్టేసినట్టు గుర్తు కూడా ఉంటుంది. అయినా సరే.

"పేలిందా?" అన్నాడు భర్త, షూ లేసులు ముడేసుకుంటూ. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ముప్ఫై ఏళ్ళుగా ఆ రద్దీలో బస్సు తోలుతున్నా ఇంట్లో అందరికన్నా నింపాదైన మనిషి ఆయనే.

"పొద్దున్నే ఏం మాటలండీ అవి."

"పేలితే టీ ఎక్కడ తాగాలో చూసుకోవాలి కదా, అందుకని అడిగాను."

బల్ల దగ్గర కూర్చుని బ్రెడ్డుకి వెన్న రాసుకుంటున్న పండు నవ్వింది. పండు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఆరేళ్ళు. పన్నెండో ఏట మొదలైన కంటిజబ్బు పదిహేడో ఏటికల్లా చూపు మొత్తం తీసుకుపోయింది. ఇప్పుడు పట్టపగలు కిటికీ ఎటుందో చెప్పగలదు, అంతే. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగంలో పనిచేస్తుంది. పట్టేసిన మెడలు, విరిగి అతుక్కున్న మోకాళ్ళు, ఏవైనా దాని చేతికి లొంగుతాయని అక్కడి డాక్టర్లే అంటారు. ఆ ఆసుపత్రి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంది. మంచం వెళ్ళింది, బీరువా వెళ్ళింది. ఇక స్టవ్ ఒక్కటే కొనాలి.

"రెండు బర్నర్లది చాలమ్మా. మామూలు గ్యాస్ స్టవ్. నాబులున్నది," అంది పండు.

"గ్యాసా?"

"మనింట్లో ఉన్నదీ గ్యాసే కదా."

"ఇక్కడ నేను వాడతాను. నాకు కళ్ళు..." అని ఆవిడ నాలిక కరుచుకుంది.

"ఉన్నాయి. తెలుసులే," అంది పండు మామూలుగానే. "ఏడాది పాటు ప్రతి ఆదివారం వంట క్లాసుకి వెళ్ళాను. మాకు నేర్పిన టీచరమ్మకీ చూపు లేదు. ఆవిడ ఇద్దరు పిల్లల్ని పెంచింది గ్యాస్ స్టవ్ మీదే వండి."

ఆ టీచరమ్మ సంగతి ఆవిడకి అక్కర్లేదు. ఆవిడ కళ్ళముందు అప్పటికే పండు చొక్కా చేతికి మంట అంటుకుంది. తలుపు గడియ దొరకడం లేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. ఆవిడ చదివింది ఏడో తరగతే కానీ, జరగని ప్రమాదాన్ని మొదటి నుంచి చివరిదాకా చూడ్డంలో ఆవిడని మించినవాళ్ళు లేరు.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళిద్దరూ స్టవ్‌ల షాపుకి వెళ్ళారు. షాపాయన ఓపికమంతుడు. ఒక్కో రకాన్నీ పండు చేతికి అందేలా బల్ల మీద పెట్టించాడు. మొదట గ్యాసుది. పండు నాబు నొక్కి తిప్పింది, వెనక్కి తిప్పింది, చెవి దగ్గరగా పెట్టి మళ్ళీ తిప్పింది. వేళ్ళతో బర్నర్ చుట్టూ కొలుచుకుంది. తర్వాతది నల్లటి అద్దం కింద తీగ కాలే కరెంటు స్టవ్.

"ఇది ఆపేశాక కూడా కాసేపు కాలుతూనే ఉంటుందమ్మా. ఎర్రదీపం ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు," అన్నాడు.

"దీపం నాకోసం కాదులెండి. దాన్ని పక్కన పెట్టేయండి," అంది పండు.

మూడోది ఇండక్షన్. అదీ అద్దమే. నాబులు లేవు, అద్దం మీద వేలు తాకిస్తే చాలు. "దీనికి మంటే ఉండదు. గిన్నె తీసేస్తే వేడి దానంతటదే ఆగిపోతుంది. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇదే పట్టుకెళ్తున్నారు."

మంటే ఉండదు. ఆ రెండు మాటలూ ఆవిడ చెవిలో పడి అక్కడే ఉండిపోయాయి. పండు ఆ అద్దం మీద ఒకసారి అరచెయ్యి ఆనించి తీసేసింది. "మొదటిదే ఇవ్వండి," అంది. శనివారం తను డ్యూటీలో ఉంటుంది కాబట్టి బిగించేటప్పుడు అమ్మ ఉంటుందని చెప్పింది.

కూతుర్ని ఆటో ఎక్కించి, గొడుగు మర్చిపోయానని ఆవిడ మళ్ళీ షాపులోకి వచ్చింది. గొడుగు చంకలోనే ఉంది.

"అన్నయ్యగారూ, గ్యాసుది వద్దు. ఆ మంట లేనిది పంపించండి. ఎంతైతే అంత నేను ఇచ్చుకుంటాను. మా అమ్మాయితో మాత్రం అనకండి."

షాపాయన బిల్లు రాస్తున్న పెన్ను ఆపాడు. "వాడేది ఆ అమ్మాయి కదమ్మా?"

"కన్నది నేను," అంది ఆవిడ.

శనివారం సాయంత్రం షాపువాళ్ళు కొత్త ఇంట్లో స్టవ్ బిగించి వెళ్ళాక అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, దానికి పనికొచ్చే గిన్నెలు కూడా కొని పెట్టి ఇంటికొచ్చింది. రెండు రోజులు కోప్పడుతుంది, తర్వాత అలవాటు పడుతుంది అనుకుంది. ఆ రాత్రి ఫోను మోగితే ఒక్క అంగలో వెళ్ళి ఎత్తింది.

"అమ్మా, షాపువాళ్ళు వేరేది బిగించారు."

"అవునా? పొరపాటున తెచ్చుంటారే. పోనీలే, మంచిదేగా. దానికి మంట కూడా ఉండదట."

అవతల వేలితో అద్దం మీద తట్టిన చప్పుడు వినిపించింది. "సరే అమ్మా," అంది పండు చివరికి. "బానే ఉంది."

కోప్పడకపోవడం ఆవిడకి ఊరటనివ్వలేదు. రోజూ పొద్దున, సాయంత్రం ఫోను చేసేది. ఏం తిన్నావంటే పండు గుడ్లు అనేది, బంగాళాదుంపలు అనేది. గొంతులో ఏదో తేడా. కొత్త చోటు కదా అని సర్దుకుంది. సర్దుకుని మళ్ళీ భయపడింది. "ఒకసారి చూసొద్దామండీ" అంటే భర్త, "పిలవకుండా వెళ్తే పోలీసులు సోదా చేసినట్టుంటుంది" అన్నాడు. పదకొండో రోజు ఆగలేక ఆయన బస్సే ఎక్కింది. టికెట్టు కొనుక్కుని డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఆయన అద్దంలో చూశాడు కానీ, సోదా మాట ఎత్తలేదు.

తలుపు తీసిన కూతురు బాగా చిక్కిపోయి ఉంది. దవడలు లాక్కుపోయాయి. ఆవిడ చెప్పులు విప్పి నేరుగా వంటగదిలోకి నడిచింది. అద్దం పొయ్యి తళతళలాడుతోంది. కొత్త గిన్నెల్లో మూడింటికి కాగితం కూడా విప్పలేదు. నాలుగోది గట్టు కింద మూలకి తోసి ఉంది, అడుగంతా నల్లగా మాడిపోయి. పైకి చూస్తే గోడ మీద, కప్పు దాకా పొగ చార. చెత్తబుట్టలో బ్రెడ్డు కవర్లు, బిస్కెట్టు కవర్లు తప్ప మరేం లేవు.

"ఏమయింది పండూ?" అంది ఆవిడ.

"ఏం కాలేదు. కూర్చో."

"ఏమయిందో చెప్పు."

పండు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "మొదటి రోజే గుడ్డు వేసుకుందామని నూనె పెట్టాను. చేతులు తడిగా ఉన్నాయి. అద్దం మీద ఎక్కడ తాకినా ఒకటే నునుపు. పెంచానో, తగ్గించానో, ఆపానో తెలియలేదు. కుయ్ కుయ్ మంటుంది, ఏ కుయ్యికి ఏం అర్థమో ఎవరు చెబుతారు? ఆపేశాననుకుని ప్లేటు కడుక్కోవడానికి అటు తిరిగాను. మంట చప్పుడు ఉండదు కదా. నూనె మాడిన వాసన వచ్చేసరికే గదంతా పొగ. ఆపుదామని అద్దం తడిమితే ఇంకా ఏదో నొక్కుకుపోయింది. దగ్గొచ్చి ఊపిరాడలేదు. తలుపు గడియ ఎంతసేపటికో గానీ దొరకలేదు. పై ఇంట్లో నర్సమ్మ పొగ చూసి పరుగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్చి కట్టేసింది."

ఆవిడ గట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళుగా కళ్ళముందు చూసుకున్న ప్రమాదం అదే. పొగ, దొరకని గడియ, ఒక్కత్తీ ఉన్న పిల్ల. అన్నీ అలాగే జరిగాయి. తేడా ఒక్కటే. దాన్ని తీసుకొచ్చి బిగించింది తనే.

"నాకు చెప్పొచ్చు కదే. పదకొండు రోజులు బ్రెడ్డు తింటూ..."

"చెబితే ఏమనేదానివి?"

"ఇంటికి వచ్చేయమనేదాన్ని. ఇప్పుడూ అదే అంటున్నాను. వచ్చేయ్ తల్లీ, మనకి ఈ వేరు కాపురాలెందుకు."

"అందుకే చెప్పలేదు," అంది పండు. "ఇంకొకటి కూడా చెప్పలేదు. షాపువాళ్ళు పొరపాటు పడలేదు. పొరపాటే అయితే నువ్వు ఆ షాపు ముందు కూర్చుని వాళ్ళ ప్రాణాలు తోడేసేదానివి. మంచిదేగా పోనీలే అన్నావు చూడు, అప్పుడే తెలిసింది."

ఆవిడ వంగి మాడిన గిన్నెని చేతిలోకి తీసుకుంది.

"చిల్లర తక్కువిచ్చేవాళ్ళున్నారమ్మా. ఇది మీ బస్సు కాదని ఊరికే అబద్ధం చెప్పి ఎక్కనివ్వని వాళ్ళూ ఉన్నారు. నాకు కనపడదు కదా అని. వాళ్ళ మీద నాకు కోపం కూడా రాదిప్పుడు." పండు ముఖం తల్లి వైపు తిప్పింది. "నువ్వు కూడానా?"

ఆవిడ అక్కడే, నేల మీద కూలబడింది. భయంతోనే చేశానే, నీకేమన్నా అవుతుందనే చేశానే అని చెప్పాలనుకుంది. చెప్పడానికి సిగ్గేసింది. భయం తనది, శిక్ష దానికి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి పండు వచ్చి పక్కన కూర్చుంది కానీ, ఏడవొద్దని మాత్రం అనలేదు.

మర్నాడు షాపు తెరిచేసరికి ఆవిడ మెట్ల మీద ఉంది. షాపాయన దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ ఇండక్షన్ స్టవ్ ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. చేయి చాచింది. నునుపు. పక్కకి జరిపింది. నునుపే. ఎక్కడో ఏదో కుయ్ మంది. ఏం చేసిందో తెలియక చెయ్యి వెనక్కి లాక్కుంది. కళ్ళు గట్టిగా మూసుకుని అలాగే గ్యాస్ స్టవ్ దగ్గరికి జరిగింది. నాబు దొరికింది. నొక్కితే లోపలికి వెళ్ళింది, తిప్పితే టక్కుమంది, ఇంకా తిప్పితే ఆగింది. ఎక్కడుందో వేలికి తెలుస్తోంది. ఇంత చిన్న సంగతి. పిల్ల ఆ రోజు చెవి ఆనించి విన్నది దీన్నే.

"ఇదే ఇవ్వండి. మంట ఆరిపోతే గ్యాసు ఆగేది ఏదన్నా ఉంటుందా?" అంది కళ్ళు తెరిచి.

"ఉందమ్మా. గాలికి ఆరిపోయినా, ఏదన్నా పొంగి పడి ఆరిపోయినా కాస్సేపట్లో గ్యాసు దానంతటదే మూసుకుంటుంది. ఇలాంటి మోడల్లో ఆ వాల్వు ఉంటుంది."

ఆదివారం మెకానిక్కు వచ్చి బిగించాడు. ఈసారి పండు పక్కనే నిలబడి ప్రతిదీ తడిమి అడిగి తెలుసుకుంది. ఆవిడ మాత్రం మెకానిక్కు చేత మంట ఊదించింది. గ్యాసు ఆగే టక్కు వినిపించింది. మళ్ళీ వెలిగించి ఊదమంది. మూడో బర్నరు లేదు కాబట్టి రెండింటినీ చెరో మూడుసార్లు ఊదించింది.

"ఇంకోసారి ఊదితే ఆగేది గ్యాసు కాదమ్మా, నేను," అన్నాడు ఆయన. పండు పకపకా నవ్వింది. రెండు వారాల తర్వాత ఆ నవ్వు విన్న ఆవిడ, ఇంకోసారి అనబోయి మానుకుంది.

మెకానిక్కు వెళ్ళాక పండు చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, జుట్టు గట్టిగా ముడేసింది. "నువ్వు బయట కూర్చో అమ్మా."

"ఇక్కడే ఓ పక్కన..."

"అమ్మా."

ఆవిడ ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. వంటగది గుమ్మంలోంచి కూతురి వీపు, మోచేతులు కనిపిస్తున్నాయి. గిన్నె బర్నరు మీద పెట్టి, అంచు చుట్టూ వేళ్ళతో చూసుకుని సరిచేసింది. నాబు నొక్కింది. టక్కు టక్కుమంది, బుస్సుమంది, నీలంగా వెలిగింది. ఆవిడ చేతులు కుర్చీని పట్టుకున్నాయి. ఒక పాదం దానంతటదే నేల మీద ముందుకు జరిగింది.

"ఇది పెద్ద మంట," అంది పండు, ఇటు తిరక్కుండానే. నాబు తిప్పింది. బుసబుస సన్నబడి, దూరంగా ఎవరో గుసగుసలాడినట్టయింది. "ఇది చిన్నది. విన్నావా?"

ముప్ఫై ఏళ్ళు వండింది ఆవిడ. మంటని చూసింది కానీ, ఏనాడూ వినలేదు. చెవులు రిక్కించింది. నిజమే, రెండు చప్పుళ్ళూ వేరు.

"విన్నాను," అంది.

"వినలేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నావు. ఇక్కడిదాకా తెలుస్తోంది. వదులమ్మా."

ఆవిడ వదిలింది. భయం ఏ మాత్రం తగ్గలేదు. పాలు పొంగుతాయేమో, చెయ్యి కాలుతుందేమో, రేపు తను లేనప్పుడు ఏమవుతుందో. అన్నీ వరసకట్టి వస్తూనే ఉన్నాయి. కూతురు గిన్నెలో చెంచా తిప్పుతున్న చప్పుడు వింటూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆవిడ వాటన్నిటినీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలోనే కూర్చుంది. లేచి వెళ్ళలేదు.